వెనక గోడ మీది గడియారం

జూలై 6, ఆదివారం

చిరంజీవి వాగుడుకాయకు,

అమ్మమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ల సంగతి వాటినే అడగాలి. నువ్వు క్షేమమో కాదో ఇవాళ ఫోన్లో అడిగేలోపే పెట్టేశావు కనుక ఉత్తరం రాసి తెలుసుకోవలసి వస్తున్నది.

ఏడు నిమిషాలు మాట్లాడావు. అందులో రెండు నిమిషాలు మీ హాస్టలు నీళ్ల మోటారు మాట్లాడింది. తర్వాత, ఉంటాను అమ్మమ్మా, మంగళవారం వచ్చే పెద్దావిడ కేసు రాసుకోవాలి అన్నావు. ఎంతసేపు పడుతుందే అంటే, యాభై నిమిషాల మాటల్ని అక్షరం పొల్లుపోకుండా రాయడానికి అయిదు గంటలు అన్నావు. అదీ చాలా మామూలుగా అన్నావు.

నాకు ఏడు నిమిషాలు. ముక్కూ మొహం తెలియని ఎవరో పెద్దావిడకి యాభై నిమిషాలు, ఆపైన అయిదు గంటలు. అమ్మమ్మకి కుళ్లు అనుకుంటావేమో. కుళ్లే. డెబ్భై నాలుగేళ్లు వచ్చాక దానికి ఇంకో పేరు పెట్టి దాచుకునే ఓపిక లేదు.

నీకు మూడేళ్లప్పుడు ఈ పేరు పెట్టింది తాతయ్య. నేను సాయంత్రం కోర్టు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే నా చెవి పట్టుకునేదానివి. చీమ ఎటు పోయిందో, పక్కింటి పిల్లి ఎందుకు అలిగిందో, అన్నీ చెప్పాలి. అలాంటిదానివి ఇప్పుడు నోరు కుట్టుకుని కూర్చోవడంలో పట్టా పుచ్చుకోబోతున్నావు. రెండేళ్ల శిక్షణ, దాని మీద పరీక్ష, ఆ తర్వాత తలుపు మీద క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు. వినడమే చదువైతే నాకు ఎప్పుడో డాక్టరేటు రావలసింది. ముప్పైరెండేళ్లు కోర్టులో షార్ట్‌హ్యాండ్ రాశాను. దొంగ చెప్పిందీ రాశాను, పోలీసు చెప్పిందీ రాశాను, ఇద్దరూ ఒకే అబద్ధం చెబితే రెండుసార్లు రాశాను. నాకెవరూ బోర్డు పెట్టలేదు.

సెలవుల్లో జరిగింది నేను మరిచిపోలేదు. తాతయ్య పోయిన రోజు గురించి నీకు ఒక మాట చెబుదామని బాల్కనీలో కుర్చీలు వేశాను. నోరు తెరిచానో లేదో నువ్వు తల కాస్త పక్కకి వంచి, అప్పుడు నీకెలా అనిపించింది అమ్మమ్మా అన్నావు. ఆ గొంతు నీది కాదు, మీకు పాఠం చెప్పే ఆ మేడమ్‌ది. నాకు ఒళ్లు మండింది. ఎలా అనిపిస్తుందే, బస్సు తప్పిపోయినట్టు అనిపించింది అన్నాను. నువ్వు నాలుక కరుచుకున్నావు. సారీ అమ్మమ్మా, నేను నీకు అలా వినే మనిషిని కాలేను, మనవాళ్లకి మేం కౌన్సెలింగ్ చెయ్యకూడదు, అది రూలు, వేరే ఎవరితోనైనా మాట్లాడు, కావాలంటే నేను కనుక్కుంటాను అన్నావు.

అంటే ఊళ్లో అందరికీ నీ చెవి ఉంది, దాన్ని పెంచినదానికి తప్ప. చెబుదామనుకున్న మాట మింగేసి వెళ్లి టీ పెట్టాను.

నీ మాట ప్రకారం వేరే ఎవరితోనైనా అని కింద వాటా టైలరమ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడ నోటినిండా గుండుసూదులు పెట్టుకుని ఊఁ కొట్టింది. తల మాత్రం వంచలేదు, అంతవరకు నయం. కానీ మధ్యలో జాకెట్టు చేతులు పొడుగా పొట్టా అని అడిగింది. ఆ మాట మళ్లీ లోపలికే పోయింది.

ఇంకేమీ విశేషాలు లేవు. పేపర్లో గళ్లనుడికట్టు నింపడం మానేశాను. కళ్లు లాగుతున్నాయి.

ఇట్లు,
నీ రిజిస్టరులో పేరు లేని ముసలిది,
అమ్మమ్మ


ఆగస్టు 10, ఆదివారం

చి. వాగుడుకాయకు,

ఆశీస్సులు. నేను కులాసా. మోకాళ్లు మొత్తానికి నన్ను పెద్దాసుపత్రి దారి పట్టించాయి. ప్రతి గురువారం వెళుతున్నాను, వ్యాయామం చేయిస్తున్నారు. టైలరమ్మ తోడు వస్తానంది, వద్దన్నాను. ఆవిడ వస్తే డాక్టరుకి నా నడుం కొలత కూడా చెప్పేస్తుంది.

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల్లో 'మా మేడమ్' పదకొండుసార్లు ఉంది. ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టాను. 'అమ్మమ్మ' ఒక్కసారి, అదీ పైన సంబోధనలో. రాయక తప్పదు కనుక రాశావు. మేడమ్ ఇలా కూర్చోమంటారు, మేడమ్ అలా అడగమంటారు, మేడమ్ తొందరపడి ఓదార్చవద్దంటారు. నీకు ఏడుపొస్తే మేడమ్ గదికి వెళ్లి అరగంట కూర్చుంటావట. బాగుంది. చిన్నప్పుడు వాన చినుకు పడితే నా చీర కుచ్చిళ్లలో దూరేదానివి.

ఒక్క సంగతి మాత్రం మూడుసార్లు చదివాను. నువ్వు మాటలే కాకుండా మౌనాలు కూడా రాశావని మేడమ్ మెచ్చుకున్నారని రాశావు. మనిషి ఆగిన చోట బ్రాకెట్లో మౌనం, నలభై సెకన్లు అని రాస్తారట. మా షార్ట్‌హ్యాండ్‌లో మౌనానికి గుర్తు లేదు. బోనులో సాక్షి మాట ఆపితే నేను పెన్సిలు కింద పెట్టి వేళ్లు విరుచుకునేదాన్ని. జడ్జిగారు చెప్పండి చెప్పండి అనగానే మళ్లీ అందుకునేదాన్ని. నేను టైపు చేసిన వేల కాగితాల్లో ఎక్కడా ఎవరూ ఆగినట్టు లేదు. అందరూ గడగడా చెప్పేసినట్టే ఉంటుంది. ఆ తర్వాత చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎంతసేపో బ్రాకెట్లో రాసేవాళ్లు లేరు.

సరే, నీ పెద్దావిడ సంగతేమిటి? పేరు అడగను. ఊరు అడగను. మొగుడున్నాడా పోయాడా అనీ అడగను. చెప్పకూడదని తెలుసు, నేనూ కోర్టు ఉప్పు తిన్నదాన్నే. ఒక్కటే అడుగుతాను. ఆవిడ జోకులు వేస్తుందా? నా జోకులకన్నా బాగుంటాయా? నవ్వొస్తే నవ్వుతావా, దానికీ మేడమ్‌ని అడగాలా?

ఆవిడకేం, దర్జా. మెత్తటి కుర్చీ, చేతికందేలా టిష్యూ డబ్బా, ఎదురుగా నువ్వు. గడియారం మాత్రం ఆవిడ వెనక గోడకి. టైమెంతయిందో నీకు తెలియాలి, నువ్వు చూస్తున్నావని ఆవిడకి తెలియకూడదు. మహా జిత్తులమారి చదువు మీది. ఒక మనిషి యాభై నిమిషాలు ఫోను ముట్టుకోకుండా, కూర మాడుతుందని లేవకుండా మన మొహమే చూస్తూ కూర్చుంటే ఎవరికైనా లోపలి మాట పైకొస్తుంది. అందులో నీ గొప్పా లేదు, ఆవిడ గొప్పా లేదు. గొప్పంతా ఆ కుర్చీలది.

ఈ ఉత్తరం మీ మేడమ్‌కి చూపించి నాకేం జబ్బో కనుక్కోకు. నేనే చెబుతాను. దాన్ని మనవరాలంటారు.

ఇట్లు,
పదకొండుకి ఒకటి,
అమ్మమ్మ


సెప్టెంబరు 12, శుక్రవారం

చి. వాగుడుకాయకు,

అమ్మమ్మ ముద్దులు. ఈసారి క్షేమ సమాచారాలు వద్దు. మొన్న బుధవారం సాయంత్రం నలభై రెండు నిమిషాలు మాట్లాడావు, నాకు అన్నీ తెలుసు. ఫోన్లో అయితే నేను జోకులు వేసి తప్పించుకుంటానని కాగితం మీద పెడుతున్నాను. మంగళవారానికి ముందే అందాలని ఇవాళే పోస్టు చేస్తాను.

నువ్వు చెప్పింది నేను విన్నది ఇదీ. తప్పుంటే దిద్దు. పెద్దావిడ పోయిన నెలాఖరున ఏదో బరువైన మాట చెప్పింది. చెప్పి ఆగిపోయింది. నువ్వూ ఆగిపోయావు. నాలుగు నిమిషాల పది సెకన్లు. అంతలో టైమైపోయింది. ఆవిడ వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు మంగళవారాలు రాలేదు. మేడమ్ ఆగి చూడమన్నారు. నీకు నమ్మకం లేదు. నేను ఆవిణ్ణి పాడుచేశాను అమ్మమ్మా, నేను దీనికి పనికిరాను, ఈ నెలాఖరుకి కాగితం రాసిచ్చి వచ్చేస్తాను, నీ దగ్గరే ఉంటాను అని వెక్కిళ్లు పెట్టావు. మధ్యలో ముక్కు చీదుకుంటూ, అవునూ, గడియారం వెనక గోడకి ఉంటుందని నీకెవరు చెప్పారు, నేనెప్పుడూ చెప్పలేదే అన్నావు. నేను దగ్గాను. దానికి తర్వాత వస్తాను.

నిజం రాస్తాను. ఫోను పెట్టాక నాకు మొదట వచ్చింది సంతోషం. ఆ పెద్దావిడ పీడా విరగడైంది, మేడమ్ పీడా విరగడైంది, పిల్ల ఇంటికొచ్చి బాల్కనీలో కూర్చుని నాతోనే వాగుతుంది అనుకున్నాను. నీ గది తెరలు ఉతుకుదామని ఊడదీశాను కూడా. తెరలు చేతిలో ఉండగా కిటికీలో నా మొహం కనపడింది. నవ్వుతున్నాను. నువ్వు అక్కడ ఏడుస్తుంటే నేను ఇక్కడ పళ్లు కనిపించేలా నవ్వుతున్నాను. తెరలు మళ్లీ తగిలించేశాను. మాసినవే.

రాకు.

ఆవిడ నీ మీద కోపంతో మానలేదు. బరువైన మాట చెప్పి బయటికొచ్చిన మనిషికి, దాన్ని విన్న మనిషి మొహం మళ్లీ చూడాలంటే సిగ్గు. నడివీధిలో కొంగు జారినట్టుంటుంది. మొదటి వారం కాళ్లు నొప్పులని సరిపెట్టుకుంటుంది. రెండో వారం వాన అంటుంది. మూడో వారానికి సాకులు అయిపోతాయి. నువ్వు చెయ్యవలసింది ఒకటే. మంగళవారం ఆ యాభై నిమిషాలు ఇంకెవరికీ ఇవ్వకు. గదిలోనే కూర్చో. తలుపు తెరిచి ఉంచు. ఆవిడ కుర్చీలో నీ సంచీ పెట్టకు, నేల మీద పెట్టుకో. ఖాళీగా ఉన్న ఆ కుర్చీ వరండాలోంచి కనపడాలి.

ఆ నాలుగు నిమిషాల పది సెకన్లలో నువ్వు పాడుచేసింది ఏమీ లేదు. నువ్వు జాలిపడి, ఫరవాలేదులెండి అని ఉంటే, ఆవిడ ఆ మాటని మళ్లీ మింగేసి ఇంటికెళ్లి టీ పెట్టుకునేది. ఈ విషయంలో మీ మేడమ్ చెప్పిందే సరైనది. ఈ వాక్యం రాసేటప్పుడు పెన్ను రెండుసార్లు మొరాయించింది.

ఇవన్నీ కోర్టులో నేర్చుకున్నానని రాసి, కొట్టేశాను. కొట్టేసింది కనపడుతూనే ఉంటుంది, చూడు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. నా మోకాళ్లకి ఏ రోగమూ లేదు. వెళుతున్నది ఆ ఆసుపత్రికే, కానీ ఎముకల డాక్టరు దగ్గరికి కాదు. ఆ పక్క మెట్లెక్కి రెండో అంతస్తుకి. వేరే ఎవరితోనైనా మాట్లాడమన్నావుగా, పంతానికి వెళ్లాను. నీలాంటి పిల్లే, శిక్షణలోనే ఉంది. జడ సరిగా వేసుకోదు. మొదటి రోజు గదంతా వెతికాను గడియారం ఏదని. లేచి వెనక్కి తిరిగితే నా నెత్తి మీదే ఉంది. నాకెవరూ చెప్పలేదే, చూశాను.

బాల్కనీలో నీకు చెప్పబోయింది ఇది. తాతయ్య పోయిన పొద్దున నేను గళ్లనుడికట్టు నింపుతున్నాను. ఆయన లోపలి గదిలోంచి రెండుసార్లు పిలిచారు. వినపడింది. వస్తున్నా అన్నాను. అడ్డం పధ్నాలుగు ఒక్కటే మిగిలింది, అది నింపి వెళ్లాను. అప్పటికి ఇక పిలవడానికి ఆయన లేరు. ఎందుకు పిలిచారో తెలియదు. ఎవరెవరి మాటలో ఒక్కటి జారిపోకుండా ముప్పైరెండేళ్లు పట్టుకున్నదాన్ని.

ఇది ఆగస్టు ఇరవై ఒకటిన ఆ పిల్లకి చెప్పాను. అది ఏమీ అనలేదు. ఎంతసేపు అనలేదో దాని కాగితంలో ఉంటుంది. తర్వాత రెండు గురువారాలు నేను ఎగ్గొట్టాను. ఒకసారి కాళ్లు, ఒకసారి వాన. నువ్వు ఫోన్లో ఏడ్చేదాకా, నా వల్ల ఒక పిల్ల ఎక్కడో పనికిరానని ఏడుస్తూ ఉంటుందని నా బుర్రకి తట్టలేదు. నిన్న వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. దాని సంచీ నేల మీద ఉంది. నన్ను చూసి, రండమ్మా అంది, అంతే. గొంతు కొద్దిగా వణికింది. ఆ వణుకు మాత్రం ఆ పిల్ల రాసుకోదు, అందుకని నేను రాస్తున్నాను.

వచ్చేటప్పుడు, మీకు అమ్మమ్మ ఉందా అమ్మాయ్ అని అడిగాను. నవ్వి, ఆ సంగతి ఇక్కడ వద్దులెండమ్మా అంది. ఉందన్నమాట. నా యాభై నిమిషాలు రాసుకోవడానికి ఆ పిల్లకీ అయిదు గంటలు పట్టాలి కదా. ఆ అయిదు గంటలూ ఎక్కడో ఒక ముసలిది ఫోను ఒళ్లో పెట్టుకుని, ఎవత్తో ఆ గురువారం పెద్దావిడ అని నన్ను తిట్టుకుంటూ ఉంటుంది. ఈ వయసులో నన్ను చూసి కుళ్లుకునే మనిషి దొరికింది. పాపం అనిపిస్తున్నది గానీ, బాగానే ఉంది.

ఆదివారం చెయ్యి. ఏడు నిమిషాలు చాలు. ఎనిమిదైతే కాదనను.