కాలికి నేల అందని చోట

పటమట,
విజయవాడ.

అమ్మకు,

నీ పెద్దకూతురు హేమ నమస్కరించి రాసేది. నేను బాగున్నాను. మీ అల్లుడు, పాప బాగున్నారు. ఎప్పుడూ రాసే "ఇక్కడ అందరం క్షేమం" అన్న మాట మాత్రం ఈసారి రాయలేకపోతున్నాను. తమ్ముడు నాగబాబు ప్రాణానికి ఏమీ భయం లేదు. ముందు ఆ ముక్క రెండుసార్లు చదువుకుని, తర్వాత మిగిలింది చదువు.

ఫోనులో నీకు సగం వినపడదు, వినపడిన సగానికే ఏడుపు మొదలుపెడతావు. అందుకే జయపాల్ మామయ్య ఊరికి వస్తుంటే ఆయన చేతికి ఈ ఉత్తరం ఇచ్చాను. ఆయన్ని నిలదీయకు. నోరు విప్పనని నేనే ఒట్టు వేయించుకున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నా నడుం నొప్పి తగ్గింది. ఎండుచేపలు అందాయి. వాసనకి ముక్కు మూసుకున్న పక్కవాటా వాళ్ళే కూర ఉడికేసరికి గిన్నె పట్టుకుని వచ్చారు. "తమ్ముడు ఫోను ఎత్తడేం? మీ పోలీసోళ్ళు వాణ్ణి దేనికి రమ్మన్నారు?" అని రాశావు. చెబుతాను.

బుడమేరు వరద తర్వాత మా స్టేషన్‌కి కొత్త బోటు, తాళ్ళు, జాకెట్లు వచ్చాయి. మళ్ళీ వరదొస్తే జనాన్ని ఎలా తీస్తామో చూపించమని బ్యారేజీకి పైన ఒక రేవులో మాక్ డ్రిల్ పెట్టారు. అంటే ఉత్తుత్తి ప్రమాదం. కొందరు మునుగుతున్నట్టు నటిస్తే మేం వెళ్ళి తీస్తాం. మునిగేవాళ్ళుగా కొల్లేటి మనుషులైతే బాగుంటుందని మా సి.ఐ. గారన్నారు. నాగబాబు ఎగిరి గంతేసి, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"నీళ్ళలో పుట్టినోళ్ళకి జాకెట్లు దేనికమ్మా? జాకెట్ ఏసుకున్నోడు మునిగాడంటే ఎవరు నమ్ముతారు?" అన్నారు సి.ఐ. గారు. నాకూ అది తప్పనిపించలేదు. కానీ మన కొల్లేట్లో నీళ్ళు ఎంతమ్మా? నడుం దాకా, మహా అయితే మెడ దాకా. అలసిపోతే కాలు దించి నిలబడతాం. పుట్టిన దగ్గర్నుంచీ మన ఈత అంతే. ఆ సంగతి ఆయనకి తెలియదు, మనకి గుర్తు రాలేదు.

రేవు నిండా జనం. ముఖ్య అతిథి వచ్చి పచ్చజెండా ఊపితే గానీ బోటు కదలకూడదని ఆర్డరు. ఆయన ఇంకా రాలేదు గానీ, ముగ్గురినీ ముందే లోతుకి తీసుకెళ్ళి దింపేశారు. ఈదుతూ ఈదుతూ నాగబాబు అలసిపోయాడు. అలవాటు చొప్పున కాలు దించాడు. కింద నేల లేదు.

తల లోపలికి పోయింది. పైకి వచ్చి రెండు చేతులూ ఎత్తాడు. చేతులెత్తమనే కదా వాడికి చెప్పింది! జనం ఈలలు వేశారు. "మీ తమ్ముడు భలే చేస్తున్నాడమ్మా, సినిమాల్లోకి పంపు" అని సి.ఐ. గారు నవ్వారు. మిగతా ఇద్దరూ కాపాడండి, కాపాడండి అని అరుస్తున్నారు. వీడు అరవడం లేదు. నిద్రలో కూడా నోరు మూయని వెధవ, అరవడం లేదమ్మా.

"సార్, వాడు నిజంగానే మునుగుతున్నాడు సార్. బోటు పంపండి."

"కంగారు పడకమ్మా. సారు కారు బెంజ్ సర్కిల్ దాటిందంట. వచ్చేస్తన్నారు."

నేను అనౌన్సరు చేతిలో మైకు లాక్కున్నాను. "జాకీర్ అన్నా, బోటు తియ్యి! ఇది డ్రిల్ కాదు, మా తమ్ముడు పోతున్నాడు!" అని అరిచాను. జాకీర్ అన్న మా బోటు నడిపే కానిస్టేబులు. ఎవరి వైపూ చూడకుండా బోటు తీశాడు. అప్పటికే నాగబాబు చేతులు కనబడడం లేదు. దూకుదామని బూట్లు విప్పాను. నేనూ కొల్లేటిదాన్నేగా, నాకూ అక్కడ నేల అందదని గట్టునే ఆగిపోయాను. అంత భయం నా జన్మలో పడలేదు.

జాకీర్ అన్న వాడి జుట్టు దొరకబుచ్చుకుని పైకి లాగాడు. మిగతా ఇద్దరూ బోటు పట్టుకుని క్షేమంగా గట్టెక్కారు. గట్టున పడుకోబెడితే ఊపిరి లేదు. గుండె మీద నొక్కి ఊపిరి తెప్పించడం మాకు రబ్బరు బొమ్మ మీద నేర్పారు. నేను నా తమ్ముడి మీద నొక్కాను. ఎంతసేపు నొక్కానో తెలియదు. వాడు నీళ్ళు కక్కి, దగ్గి, కళ్ళు తెరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. అదీ డ్రిల్లే అనుకున్నారు.

ఊపిరితిత్తులకి నెమ్ము చేరిందని ఆసుపత్రిలో ఉంచారు. సి.ఐ. గారు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. "రేపు నిజంగా వరదొచ్చినా జెండా కోసం చూస్తామా సార్?" అని అడిగేశాను. ఆర్డరు లేకుండా బోటు తీసినందుకు మాకు మెమో ఇచ్చిందీ ఆయనే, నీళ్ళలో మనిషి ఉంటే జెండా అక్కర్లేదని పైవాళ్ళకి రాసిందీ ఆయనే. నాకు ఆయన మీద కోపం పోలేదు. చెడ్డవాడని కూడా అనలేను.

ఇక ఇంతసేపూ రాయలేక దాటేస్తూ వచ్చిన మాట. నాగబాబు మా ఇంటికి వచ్చేశాడు, తింటున్నాడు, పాపతో ఆడుతున్నాడు. కానీ వాడికి నీళ్ళంటే భయం పట్టుకుందమ్మా. స్నానానికి రాడు. తల కడుగుదామని చెంబు ఎత్తితే నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "వద్దే అక్కా, వద్దే" అని వణికిపోయాడు. పడవ అమ్మేయమంటున్నాడు. వల తప్ప ఇంకో పని ఎరగనివాడు, ఎలా బతుకుతాడు?

మెల్లగా పోతుందని డాక్టరు గారన్నారు. నా చేతులు చూస్తేనే వాడికి ఆ రేవు గుర్తొస్తున్నట్టుంది, అందుకే నావల్ల కావడం లేదు. మామయ్య తిరిగి వచ్చేటప్పుడు ఆయనతోపాటు కైకలూరులో బస్సెక్కి వచ్చెయ్యి. పుట్టినప్పుడు వాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది నువ్వే. గుక్కపట్టి ఏడుస్తుంటే ఊరుకోబెట్టిందీ నువ్వే. ఇప్పుడూ ఏడిస్తే ఏడవనీ. వాడి నెత్తిన మొదటి చెంబు నువ్వు పొయ్యాలమ్మా.

ఇట్లు,
నీ కోసం దారి చూసే నీ కూతురు,
హేమ