బ్యాటరీ సిగరెట్టు

శుక్రవారం, నవంబరు 2009

సిగరెట్లు మానేస్తానని మా ఆవిడ సరోజకి మాటిచ్చి కొన్న బ్యాటరీ సిగరెట్టు ఇవాళ నన్ను స్టేషన్‌కి పంపించేదే. అరకు సంతలో రెండు దమ్ములు లాగానో లేదో, కానిస్టేబుల్ వచ్చి పట్టుకున్నాడు. మావోయిస్టులు తిరిగే ఈ ఏజెన్సీలో బ్యాటరీ కనిపిస్తే పోలీసుకి ముందు బాంబే గుర్తొస్తుంది.

"ఏటండీ ఇది? నిప్పు నేకుండా పొగెలాగొత్తంది?"

సిగరెట్టేనంటే నమ్మడే! పక్కన అల్లం అమ్ముతున్న ముసలమ్మ అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి, "ఇలాగియ్యి బాబూ, నాను సూత్తాను" అని లాక్కుంది. జన్మంతా చుట్టని కాలే కొస లోపలికి పెట్టి పీల్చిన మనిషి. దీన్నీ అలాగే, లైటు వెలిగే కొస నోట్లో పెట్టుకుని బలంగా లాగింది. పొగ రాలేదు.

"ఇందుల ఏటీ నేదు. ఒట్టి గొట్టం" అని తేల్చేసింది.

కానిస్టేబుల్‌కి నా మీద జాలేసింది. "ఎవుడో మిమ్మల్ని మోసం సేసాడండీ" అన్నాడు. ముసలమ్మ కొత్త చుట్ట నా చేతిలో పెట్టింది, ఆయన అగ్గిపుల్ల గీశాడు. పోలీసు వెలిగిస్తుంటే వద్దని ఎలా అంటాను?

స్టేషన్ తప్పింది. మూడుసార్లు పళ్లు తోముకున్నా చుట్ట కంపు పోలేదు. పక్కగదిలో సరోజ ఇంకా పడుకోలేదు.