బీడీల దగ్గరికే వచ్చిన బీపీ మిషన్

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ తలనొప్పికి ఎల్లారెడ్డి దవాఖానకు పోయి చూపించుకుందామని నేనంటే, "పోతే ఇయ్యాల్టి బీడీలు ఎవలు చేస్తరే?" అన్నావు. బీపీ ఉందని తెలిసేలోపే పక్షవాతం నిన్ను తీసుకుపోయింది.

ఇప్పుడు మన సంఘం ఆడవాళ్లే బీపీ చూడటం నేర్చుకుని, మనం బీడీలు చేసే అరుగు దగ్గరికే మిషన్ తెస్తున్నారు. వాళ్లలో నీ బిడ్డ లావణ్య కూడా ఉంది.

ఈరోజు నా చేతికి పట్టీ చుట్టి చూసింది. "చిన్నమ్మా, నీకు గూడ ఎక్కువనే ఉన్నది. రేపు దవాఖాన నర్సును తోల్కొస్త" అంది.

నాకు భయం వేయలేదు. ఒళ్లంతా అలసటగా ఉంది, అంతే.

"గీ మిషన్ నిరుడే ఉంటే మీ అమ్మ..." అన్నాను.

లావణ్య నా పట్టీ విప్పి, పక్కన కూర్చున్న ఎల్లవ్వ చెయ్యి అందుకుంది.