మలుపులో బ్రేకు

నీలం నగర్,
షోలాపూర్.

లక్ష్మక్కకు, తమ్ముడు రాజేశం దండం పెట్టి రాస్తున్నాను.

నువ్వు, అమ్మ, చిన్నది రమ్య బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, రంది పెట్టుకోవద్దు. తువ్వాళ్ల కార్ఖానాలో పని కుదిరింది. తువ్వాళ్లు నేసే నాలుగు సాంచాలు నేనే చూస్తున్నాను, పగలంతా వాటి మోతే. ఎండ మన సిరిసిల్ల ఎండే. జొన్నరొట్టె, పల్లీల పొడి అలవాటయ్యాయి. నిజంగా బాగున్నాను.

ఫోన్లో నీ గొంతు వింటే చెప్పలేని సంగతి ఒకటుంది. అందుకే కాగితం పట్టాను.

నేను అద్దెకున్న ఇంటి ఓనరు బిడ్డ సునంద తువ్వాళ్లకు కంప్యూటర్ మీద డిజైన్లు గీస్తుంది. సాయంత్రం అదే కంప్యూటర్‌కు స్టీరింగు, పెడల్లు బిగించి కారు పందేల ఆట ఆడుతుంది. ఉత్త ఆట కాదక్కా, స్టీరింగు నిజం బండిలాగే చేతిని గుంజుతుంది. ఒకరోజు నన్ను పిలిచింది.

"డ్రైవర్‌వంట గదా అన్నా, జర నడిపి చూపియ్."

బావ పోయిన రోజు నుంచి నేను స్టీరింగు ముట్టలేదు. వద్దన్నాను. రెండోసారి పిలిస్తే కూర్చున్నాను. మొదటి చుట్టులోనే గడ్డిలోకి పోయాను. ఆమె నవ్వలేదు.

"బండి ముక్కు జూడకు. చూపు మలుపు అవతల వెట్టు. ఆరామ్‌సే."

అలా రోజూ ఓ గంట. చేతులు నెమ్మదించాయి, చుట్టు చుట్టుకూ సమయం తగ్గింది. ఒక్క మలుపు మాత్రం చేతకాలేదు. అక్కడికి రాగానే పక్కన బావ కూర్చున్నట్టే ఉండేది. బీడీ వాసన వచ్చేది. గడప దగ్గర సునంద వాళ్లమ్మ బీడీలు చుడుతుంటుంది, ఆ పొగాకేనని తెలుసు. అయినా తల ఎడమవైపు తిరిగేది.

"అటేం జూస్తున్నవ్ అన్నా? ఆ సీటు ఖాలీనే గదా," అంది సునంద.

మళ్లీ ఆట మొదలుపెట్టాను.

ఆట అయ్యాక, మనం ఏ పెడల్ ఎక్కడ ఎంత తొక్కామో తెర మీద గీతలా కనిపిస్తుంది. ఓ ఆదివారం ఆమె ఆ గీత మీద వేలు పెట్టింది.

"ఇగో, తప్పు ఈడ జేస్తున్నవ్. జోరు మీదొచ్చి, మలుపు నడుమల బ్రేక్ తొక్కుతున్నవ్. చక్రాలు జారుతయ్, బండి మాట ఇనదు. రోడ్డు తిన్నగున్నకాడనే తొక్కి, మలుగుకుంట మెల్లగ ఇడువాలె."

ఆ గీతను మళ్లీ మళ్లీ చూశాను.

మూడు వారాలు ఆ ఒక్క మలుపే నేర్చుకున్నాను. నిన్న సాయంత్రం తొలిసారి జారకుండా దాటాను. సునంద చప్పట్లు కొట్టింది. వాళ్లమ్మ చాట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"మంచిగనే దాటినవ్ గద బిడ్డా, ఏడుస్తవేంది?"

అక్కా, బావ పోయిన రోజు బండికి బర్రె అడ్డమొచ్చిందని నీకూ, పోలీసులకూ, అందరికీ చెప్పాను. ఏ బర్రే రాలేదు. రోడ్డు ఖాళీగా ఉంది. "మెల్లగ పోరా" అన్నాడు బావ. నేను నవ్వి యాక్సిలరేటర్ ఇంకా తొక్కాను. మలుపు నడుమ భయపడి బ్రేకు వేశాను, బండి జారింది. నువ్వు "నీ తప్పేం లేదు తమ్మీ" అన్నప్పుడల్లా నేను ఆ అబద్ధాన్నే పట్టుకుని ఉన్నాను.

సునంద తనకు నిజం కారు నేర్పమంటోంది. ముందు మా అక్కకు ఒక మాట చెప్పాలన్నాను.

అమ్మకు దండాలు చెప్పు. దీవించమని ఈసారి అడగను. ఉత్తరం అందిందని ఒక్క ముక్క రాస్తే చాలు. రమ్య పెద్దదై వాళ్ల నాన్న ఎట్లా పోయాడని అడిగితే, బర్రె మాట చెప్పకు. నా పేరే చెప్పు.

నీ తమ్ముడు,
రాజేశం