నాన్న కొలిచిన చేప

పెదనాన్నా,

ఆదివారమంతా నాన్న పడవలో ఉండి వచ్చాను. భుజాలు ఇంకా నొప్పిగానే ఉన్నా ఈ ఉత్తరం రేపటికి వాయిదా వేయలేను.

అయోవా నుంచి వచ్చిన భార్యాభర్తలను నాన్న గైడుగా వాల్ఐ చేపల వేటకు తీసుకెళ్ళాడు. గాలి లేక సరస్సు కదలకుండా పడుకుంది; అలా ఉంటే చేపలు ఎర ముట్టవు. మధ్యాహ్నం దీవి ఒడ్డున, పట్టిన చేపనే వేయించి పెట్టాలి కదా. డబ్బా మాంసం తెరవడమంటే నాన్నకు తలవంపు. పదకొండింటికి ఆవిడ గాలానికి ఒకటి పడింది. నాన్న దాన్ని కొలబద్ద మీద పెట్టి, "పదిహేడు అంగుళాలు. ఇక పొయ్యి వెలిగించుకోవచ్చమ్మా," అన్నాడు.

నేను చూశాను. అది ఇరవై. ఈ సరస్సులో పద్దెనిమిది అంగుళాలు దాటిన చేపను వదిలేయాలి; ఒడ్డుకు తెస్తే గైడు లైసెన్సు పోతుంది. వాళ్ళ ముందు నాన్నను తప్పుపట్టలేక, పెట్టెలో వేయబోతూ చెయ్యి జారినట్టు నీళ్ళలోకి వదిలేశాను.

"కాలేజీలో చేతులకు వెన్న రాసి పంపుతున్నారా తల్లీ?" అన్నాడు నాన్న. అందరితో పాటు నేనూ నవ్వాను. తరువాత నాన్న డబ్బా తెరిచి, ఎవరి మొహమూ చూడకుండా వడ్డించాడు.

శుక్రవారం మళ్ళీ వేరేవాళ్ళను తీసుకెళ్తున్నాడు. నాకు పరీక్ష ఉంది, పడవలో ఉండను. కంటి డాక్టరు దగ్గరికి పదమంటే నా మాట వినడు. మీరు గురువారం రండి. మీ కళ్ళే మసకబారాయని చెప్పండి. తోడు రమ్మంటే నాన్న కాదనడు.

మీ తమ్ముడి కూతురు