దావీదు మూర

దొరువులపేట, నెల్లూరు జిల్లా
7 ఆగస్టు 2025, ఉదయం

తమ్ముడు హెన్రీకి,

ప్రభువు కాపుదలలో క్షేమంగా ఉన్న నీ అక్క రెబెక్కమ్మ రాయునది. తడలో నువ్వూ, మరదలు ఏంజెలినూ, పిల్ల కెజియా సుఖంగా ఉన్నారని తలుస్తాను. పదేళ్లుగా మాటల్లేని అక్క ఇప్పుడు ఉత్తరం రాసిందేమిటని ఆశ్చర్యపోకు. ఫోనైతే కట్ చేస్తావు. ఉత్తరమైతే సగమైనా చదువుతావు.

ముందు మంచి వార్త. మన ఇల్లు నిలబడింది.

టౌను మధ్యలోంచి పోయే ఉప్పువాగు నవంబరు వచ్చిందంటే పొంగుతుంది కదా. దానికి ఏ ఉపాయం పనికొస్తుందో తేల్చమని మున్సిపాలిటీ వాళ్లు వినీల అనే ఇంజనీరును పంపారు. నిండా ముప్పై ఏళ్లుండవు. నెల రోజులు వాగు వెంట ఎండలో తిరిగింది. ఎనభై నాలుగు తుఫానులో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని ఇల్లిల్లూ అడిగింది. ఒకరు మోకాలన్నారు, ఒకరు మెడన్నారు, చిన్నపోలయ్య ఏకంగా తాటిచెట్టు చూపించాడు. నాకు ఒళ్లు మండి, నాయన బైబిలు తెచ్చి ఆమె ముందు పెట్టాను. మన పుట్టినరోజులూ బాప్తిస్మాలూ రాసిన చివరి పేజీలోనే నాయన ఆ వరదనూ రాశాడు: గడప మీద మూడు మూరల ఒక జాన. మూరంటే పద్దెనిమిది అంగుళాలే కదా టీచరమ్మా అని అడిగింది. అవునన్నాను. లెక్కల పుస్తకంలో అదే ఉంది. ఎంత వరదకు తట్టుకోవాలో ఆ కొలతను బట్టే లెక్క కట్టింది.

ఆ తర్వాత చూసింది నీకెలా చెప్పేది హెన్రీ! కంప్యూటరులో మన టౌను మొత్తం విమానంలోంచి చూసినట్టు కనిపించింది. చర్చి గంట, మా బడి, మన రేకుల వసారా కూడా. ఆమె ఒక మీట నొక్కింది. నీళ్లు వాగులోంచి లేచి, ఎవరూ దారి చూపకుండానే, తిన్నగా మన సందులోకి తిరిగాయి. బడి మైదానంలో ఒక మూల గుండ్రంగా నిలబడ్డాయి. అక్కడే ఎందుకమ్మా అంటే, పాత పటంలో అది నీళ్లు నిలిచే దొరువట. మనం పుట్టకముందే పూడ్చేశారు. రోజూ ఆ మూలనే పిల్లలతో ప్రార్థన చేయించే నాకు ఇన్నేళ్లూ తెలియలేదు. ఆమేన్ అని పైకే అనేశాను. ఆ పిల్ల నవ్వింది.

ఇంకో వింత విను. పూడిక తీసి వాగును లోతు చేస్తే చాలని మనమంతా అంటాం కదా. సముద్రం పోటు మీదుంటే ఎంత తవ్వినా నీళ్లు పోవట. సముద్రమే వాగులోకి ఎదురొస్తుందట. నాలుగు మైళ్ల అవతలి సముద్రం మన వీధి నీళ్లను పట్టుకుని ఆపుతోందంటే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ఇక మిగిలినవి రెండు ఉపాయాలు. వాగుకు రెండు వైపులా గోడలు కట్టడం ఒకటి. మన సందులోని ఇరవై మూడు ఇళ్లు తీసేసి, పోటు తగ్గేదాకా నీళ్లను ఆ పల్లంలో నిలబెట్టడం రెండోది. కంప్యూటరులోనే గోడలు కట్టి చూసింది. నీళ్లు గోడ అంచుకు ఆరంగుళాల కింద ఆగాయి. గోడలే చాలితే ఇళ్లెందుకు తీయడం? రేపు మున్సిపాలిటీకి అదే రాసిస్తుంది.

రెండు వేల పదిహేను వరదప్పుడు నువ్వు అమ్మను మంచంతో సహా ఎత్తుకుపోయి, ఈ పల్లం మనకొద్దు, వదిలేద్దాం అక్కా అన్నావు. మరదలి ముందే నిన్ను పిరికివాడివన్నాను. ఇప్పుడేమంటావు? నాయన రాతే నాయన ఇంటిని కాపాడింది.

ఇట్లు,
నీ అక్క
రెబెక్కమ్మ

తా.క. సాయంత్రం.

పై ఉత్తరం చింపెయ్యలేదు. తప్పు లెక్క తుడపొద్దు, అడ్డగీత గీసి కింద మళ్లీ చెయ్యండని బడిలో చెబుతాను. నేనూ అదే చేస్తున్నాను.

బస్టాండులో నాయన పూలంగడి గుర్తుందా? ఆరడుగుల పైన మనిషి. పక్క అంగడి ఖాళీగా ఉన్నా ఆడవాళ్లు నాయన కోసమే నిలబడేవాళ్లు. దావీదన్న మూరేస్తే మల్లెలు జడ దాటి వేలాడతాయే అనేవాళ్లు. అమ్మ కూర్చున్న రోజు, నీ మూర పొట్టిదని గొడవకొచ్చేవాళ్లు. అందుకని నాయన తన మూరకు సరిగ్గా బల్ల మీద రెండు మేకులు కొట్టాడు. ఆ బల్ల మన వంటింట్లో బియ్యం డబ్బా కింద ఉంది. వినీల పద్దెనిమిదని రాసుకుంటున్నప్పుడే నాకు ఆ మేకులు గుర్తొచ్చాయి. ఇల్లు పోతుందని నోరు మెదపలేదు.

నీకు గొప్పలు రాసి సంతకం పెట్టాక మనసు ఊరుకోలేదు. డబ్బా దించి కొలిచాను. మేకుకూ మేకుకూ మధ్య ఇరవై ఒక్క అంగుళాలు. మూడు మూరలకే తొమ్మిది అంగుళాలు ఎక్కువ. గోడకు మిగిలింది ఆరు.

బడికి సెలవు పెట్టి, బల్ల ఆటోలో వేసుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. మేకుల మధ్య టేపు పెట్టి తనూ కొలుచుకుంది మహాతల్లి. కొత్త కొలతతో నీళ్లు మళ్లీ వదిలింది. గోడ దాటాయి హెన్రీ. దాటి వచ్చినవి తిరిగి వాగులోకి పోవడానికి అదే గోడ అడ్డం. నువ్వు అమ్మ మంచం ఎత్తిన చోట నీళ్లు మనిషి తల దాటి నిలబడ్డాయి. నా ఒక్క అవునుతో ఇరవై మూడు ఇళ్లవాళ్లను అందులో పెట్టబోయాను. అంత నీటి ముందు నేనెంత, నా ఇల్లెంత అనిపించింది.

గోడల మాట కొట్టేసింది. ఇళ్లు తీయమనే రాస్తుంది. మెరకలో స్థలాలు ఇమ్మని కూడా రాస్తానంది. వాగు పక్కన మొదటి ఇల్లు మనదే. పిరికిదాన్ని నేనే, తమ్ముడూ. నన్ను క్షమించు.

గడప పీకేలోపు ఒక్కసారి రా. నీ చెయ్యి అచ్చం నాయన చెయ్యే. గడప మీద నుంచి మూడు మూరల ఒక జాన వేసి చూపించు. లెక్క కోసం కాదు, లెక్క అయిపోయింది. ఆ చెయ్యి మన గుమ్మం మీద ఇంకోసారి చూడాలనుంది.