మూడు గంటల గడి

ద్వారక, ఢిల్లీ
ఫిబ్రవరి 4

సుభా,

వందనాలు. ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోయింది, నీకు మాత్రం ఒక్క ముక్కా చేరలేదు. అందుకే ఈ ఉత్తరం. ఇంకో కారణం కూడా ఉంది. నేను చెప్పబోయేది, కన్నకూతురు ఫెయిత్ పక్క గదిలో ఉండగా అరిచి చెప్పే సంగతి కాదు.

నాకు రాత్రి పదిన్నరకి నిద్ర పడుతుంది, మూడింటికి తెగిపోతుంది. మా ఆయన పోయాక మొదలైంది, మూడేళ్లవుతోంది. ఏడుపు రాదు, భయం వేయదు. కళ్లు తెరుచుకుంటాయి, అంతే. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. నర్సు ఉద్యోగంలో, వార్డులో చెక్క స్టూలు మీద కూడా ముంచుకొచ్చిన నిద్ర, కూతురు కొన్న ఖరీదైన పరుపు మీద రావడం లేదు.

ఫెయిత్ నన్ను నిద్ర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. వైశాలి అని, ఫెయిత్ కంటే చిన్నది. పని ఉన్నన్నాళ్లూ అణిగి ఉన్న పాత సంగతులు ముసలితనంలో నిద్ర మీదికి వస్తాయని చెప్పి, "ఆంటీజీ, కోయీ పురానీ బాత్ తో నహీ?" అని అడిగింది. "కుఛ్ నహీ" అనేశాను, అలాంటివేమీ లేవని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మరీ తొందరగా అన్నాను.

ఆ పిల్ల నాకు ఒక కాగితం ఇచ్చింది. రెండు వారాలకి సరిపడా గడులు. ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నింటికి మెలకువ వచ్చింది, ఎందుకు వచ్చింది, రోజూ పొద్దున్న లేచాక రాయాలి. మూడో రోజు ఫెయిత్ ఆ కాగితం చూసి, "మమ్మీ, ఇదేంటి, నెక్స్ట్ వీక్‌ది కూడా భర్ దియా?" అంది. చూస్తే నిజమే. పదిన్నర, మూడు, పదిన్నర, మూడు. పద్నాలుగు రాత్రులూ నింపేశాను. ఎప్పుడు రాశానో నాకే తెలియదు, చెయ్యి దానంతటది రాసేసింది. ఫెయిత్ నవ్వింది. నేను బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

నీకు తెలుసుగా, మనం చార్టులు ఎలా రాసేవాళ్లమో. నాడి, జ్వరం, ఊపిరి నాలుగు గంటలకోసారి చూడాలి. పది గంటలవి చూసి రాసేటప్పుడే రెండింటివి కూడా రాసేసేవాళ్లం, కాస్త అటూ ఇటూ మార్చి. ముప్పై ఆరు మంచాలకి ఒక్క నర్సు ఉంటే ఏం చేస్తుంది అని మనకి మనమే చెప్పుకునేవాళ్లం.

1991 జనవరి, నాకు నైట్ డ్యూటీ. ఫెయిత్‌కి జ్వరం, నాలుగు రోజులుగా పగలు నాకు కునుకు లేదు. ఆ రాత్రి చార్టులన్నీ ముందే రాసేసి, బల్ల మీద తలవాల్చాను. ఐదింటికి లేచి చూస్తే పదకొండో మంచం ముసలాయన చల్లబడి ఉన్నాడు. డాక్టరు వచ్చి చార్టు చూసి, రెండింటికి బాగానే ఉన్నాడు, ఉన్నట్టుండి పోయాడు అని రాసుకున్నాడు. ఎవరూ నన్నేమీ అడగలేదు. తెల్లారాక ఆయన భార్య వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "రాత్ భర్ తూ జాగీ, బేటీ" అంది. రాత్రంతా మేలుకున్నావమ్మా అని. నేను తలూపాను.

ఆ మనిషి పేరు నాకు గుర్తు లేదు. ఆయన ముఖం కూడా సరిగ్గా రాదు. నాడి ఎనభై రెండు, ఊపిరి ఇరవై, జ్వరం లేదు. నేను రాసిన ఈ అబద్ధం మాత్రం అంకెలతో సహా గుర్తుంది.

తరవాత పాతికేళ్లు ఉద్యోగం చేశాను, హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు రోజూ మూడింటికి స్టీలు గ్లాసు చప్పుడుతో లేస్తున్నాను. మన వార్డుల్లో బెల్లులు పనిచేసేవి కావుగా, రోగులు గ్లాసుతో మంచం కమ్మీని కొట్టి పిలిచేవాళ్లు. ఆ చప్పుడే.

ఆ రాత్రి నువ్వు పక్క వార్డులో ఉన్నావు. నిజం చెప్పు సుభా. గ్లాసు మోగిందా? నిద్రలో నేను విన్నానా, లేక ఈ వయసులో నా బుర్ర కల్పించుకుందా? మోగలేదంటే డాక్టరిచ్చే మాత్ర వేసుకుని నోరు మూసుకుంటాను. మోగిందంటే ఫెయిత్‌కీ ఆ డాక్టరుకీ చెప్పేస్తాను. మా మమ్మీ డ్యూటీలో ఒక్కసారి కూడా కన్ను మూయలేదని ఫెయిత్ అందరికీ చెబుతుంది. అది వింటూ కూర్చోవడం ఇక నా వల్ల కాదు.

నీ
ఆనందకుమారి

భీమవరం
ఫిబ్రవరి 13

కుమారీ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. జవాబు రాయకుండా ఉండే దారి కోసం వెతికాను, దొరకలేదు.

మోగింది. మూడింటికి ఇంకా ఐదు నిమిషాలుండగా రెండుసార్లు, కాస్త ఆగి మళ్లీ ఒకసారి. నేను హీటరు ముందు కూర్చుని స్వెటరు అల్లుతున్నాను. నీ వార్డు కదా, నువ్వు లేస్తావనుకున్నాను. పిలవకుండా పక్క వార్డులోకి వెళ్తే ఇన్‌ఛార్జి సిస్టరు ఏమంటుందో అనుకున్నాను. ఇవన్నీ తరవాత వెతుక్కున్న కారణాలు. ఆ చలిలో నాకు లేవబుద్ధి కాలేదు, అంతే.

ఆ పొద్దున్న నీకు టీ తెచ్చిచ్చి, ఆటోలో సరోజినీ నగర్ క్వార్టరు దాకా దింపాను. సుభా ఎంత మంచిదో అని నువ్వు ఎన్నేళ్లు చెప్పుకున్నావో. చెప్పుకోనిచ్చాను.

ఆయన పేరు బన్వారీలాల్. ఆయన కాలికి పేరు చీటీ కట్టింది నేనే.

నాకిప్పుడు కుక్కరు కూత వినపడదు. చర్చి గంట వినపడదు. కోడలు పిలవాలంటే భుజం తట్టాలి. చెవి మిషను తీసి పడుకుంటే ఆ గ్లాసు మాత్రం వినపడుతుంది. నువ్వు విన్నది కల్పన కాదు.

చెప్పేటప్పుడు నా పేరు కూడా చెప్పు.

సుభాషిణి

ద్వారక
ఫిబ్రవరి 28

సుభా,

నీ ఉత్తరం అందిన సాయంత్రమే ఫెయిత్‌కి చెప్పాను. ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఒక్కొక్కటీ మడతపెట్టి దొంతర పేర్చింది. చివరికి, "అప్పుడు నాకు ఫీవర్ కదా మమ్మీ" అంది. దాని వల్ల కాదే అన్నాను. ఇప్పుడు మా ఇంట్లో మాటలు కాస్త తక్కువే. ఉప్పుకీ కూరకీ సరిపడా ఉన్నాయి.

మర్నాడు డాక్టరుకీ చెప్పాను. నీ పేరు కూడా చెప్పాను. ఆ పిల్ల ఓదార్చలేదు, మంచిదయింది. పాత కాగితం చించేసి కొత్తది ఇచ్చింది. దీన్ని మాత్రం లేచి గడియారం చూశాకే రాస్తున్నాను. మెలకువకి కారణం అన్న గడిలో రోజూ బన్వారీలాల్ అని రాస్తున్నాను. వరసగా తొమ్మిది రాత్రులు మూడింటికే లేచాను.

ఈ పొద్దున్న కళ్లు తెరిచేసరికి కిటికీలో ఎండ ఉంది, తలుపు దగ్గర పాల ప్యాకెట్టు ఉంది. సంతోషమేమీ అనిపించలేదు. కళ్లద్దాలు పెట్టుకుని కాగితం ముందు కూర్చున్నాను. మూడు గంటల సంగతి నాకు తెలియదు, నేను చూడలేదు. పెన్ను మూత పెట్టి, ఆ గడి ఖాళీగా వదిలేశాను.

నీ కుమారి